బోను గారికి ఒక విన్నపం

కోర్టు బోను గారికి,

హన్మకొండ నుంచి దండాలు. ఎలుకను పట్టేదీ బోనే, పులిని పెట్టేదీ బోనే, ముద్దాయిని నిలబెట్టేదీ బోనే. మూడింటికీ ఒకే పేరెందుకో చిన్నప్పుడు అర్థం కాలేదు. అమెరికాలో మీ పెద్దన్న కథ చదివాక అర్థమైంది.

1921లో మసాచుసెట్స్‌లోని డెడ్‌హామ్ కోర్టులో ఆయన అచ్చంగా ఇనుప పంజరం. లోపల ఇద్దరు ఇటలీవాళ్లు: బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసే సాకో, చేపలమ్ముకునే వాంజెట్టి. పొట్టకూటికి వచ్చినవాళ్లు, పైగా సర్కారే వద్దనే అనార్కిస్టులు. కేసేమో, 1920 ఏప్రిల్ 15న జీతాల డబ్బు దోచుకుని ఇద్దరిని కాల్చి చంపారని. ప్రాసిక్యూటర్ మాత్రం సాకోను ఈ దేశమంటే ప్రేమ ఉందా, ఉంటే 1917లో యుద్ధానికి పోకుండా మెక్సికోకు ఎందుకు పోయావని నిలదీశాడు. దోపిడీ కేసులో దేశభక్తి పరీక్ష! హత్య జరిగిన చోట దొరికిన టోపీ పెట్టి చూస్తే సాకో తలకు బిగుతైంది. ‘టోపీ పెట్టడం’ అంటే మన దగ్గర అర్థమేమిటో వాళ్లకు తెలియదు పాపం.

దోషులని తేల్చాక, మళ్లీ విచారించమని అర్జీలు పెడితే విన్నదీ అదే జడ్జి, థేయర్ గారే. 1927 ఆగస్టు 23న ఇద్దరినీ కరెంటు కుర్చీలో కూర్చోబెట్టారు. కాల్చింది సాకో తుపాకీతోనేనా అన్న వాదన ఇంకా తెగలేదు, ఒప్పుకుంటా. కానీ విచారణ న్యాయంగా జరగలేదని ఆ రాష్ట్ర గవర్నర్ డుకాకిస్ 1977లో ప్రకటించారు. 50 ఏళ్ల వాయిదా! మా దగ్గర కూడా కొంచెం ఎక్కువే.

ఇక్కడ మాత్రం మీకేం తక్కువ? ఒకప్పుడు కాలేజీ పిల్లగాడు గడ్డం పెంచి, భుజానికి సంచి తగిలిస్తే రాడికల్ అయిపోయేవాడు. రాత్రి అన్నలకు అన్నం పెట్టినవాడు తెల్లారి పోలీసులకు జవాబు చెప్పుకునేవాడు. ఇప్పుడు వంతు రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ పిల్లలది. మొన్న మా వాడలో గ్యాస్ సిలిండర్ పోయింది. తీసినవాణ్ని ఎవరూ చూడలేదు, పేరు మాత్రం అందరికీ తెలిసిపోయింది. ముందుగా చెప్పింది మా పక్కింటి పెద్దమనిషి. ఆయన కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. అక్కడి సూపర్‌వైజర్ కొడుకును దొంగ అన్నాడని పోయిన ఏడాది వాకిట్లో కూర్చుని ఏడ్చింది కూడా ఆయనే.

సోమవారం ఆ బీహార్ పిల్లగాణ్ని మీ దగ్గరికి తెస్తారట. జమానతుకు నేను వస్తున్నా. ఆధార్, ఇంటి పన్ను రసీదు పట్టుకున్నా. వాడి తల కొలత కూడా తీసుకురమ్మంటారా?

ఇట్లు,
మీ బయట నిలబడ్డవాడు