బ్యాటరీతో ఏఎన్-32? లెక్క కుదరదు

బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిని అత్యవసర రన్‌వేగా పరీక్షిస్తూ, 2024 మార్చి 18న వాయుసేన రవాణా విమానాలు ఏఎన్-32, డోర్నియర్ దాని మీద దిగి మళ్లీ లేచాయి. ఆ వీడియోకు ఇప్పుడు ఒక రాత తగిలించి పంచుతున్నారు: "ఆయిల్ విమానాలు ఇక దండగ. బ్యాటరీవి వస్తే రోడ్డు పక్కనే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు, చప్పుడుండదు, రాడార్‌కు దొరకవు."

ముందు బరువు చూద్దాం. విమాన కిరోసిన్ కిలోకు దాదాపు 12 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) శక్తి. లిథియం బ్యాటరీ ప్యాక్ కిలోకు పావు యూనిట్, అదీ ఉదారంగా వేస్తే. ఇంజిన్‌లో చాలా శక్తి వేడిగా పోతుంది కదా అంటారు. నిజమే, అదీ తీసేద్దాం. ఏఎన్-32లో పట్టే ఇంధనం సుమారు 5.4 టన్నులు, అంటే 65 వేల యూనిట్లు. అందులో 30 శాతమే పనికొచ్చినా 19,500. మోటారు సామర్థ్యం 90 శాతం అనుకుంటే బ్యాటరీలో 21,600 యూనిట్లు ఉండాలి. దాని బరువు 86 టన్నులు! సరుకు, ఇంధనంతో కలిపి ఆ విమానం లేవగలిగేదే 27 టన్నులతో. పైగా ఆయిల్ కాలేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు తగ్గదు, దిగేటప్పుడు చక్రాలూ బ్రేకులూ అంతా మోయాల్సిందే.

ఇక రోడ్డు పక్క ఛార్జింగ్. 240 కిలోవాట్ల ఛార్జర్‌తో 21,600 యూనిట్లు ఎక్కడానికి 90 గంటలు. నిమిషానికి 500 లీటర్లు తోడే ట్యాంకరుకు 5.4 టన్నులు, అంటే 6,800 లీటర్లు, 14 నిమిషాల పని. పది ఛార్జర్లు పెడితే ఆ పని 9 గంటల్లో అయిపోతుంది గానీ 2,400 కిలోవాట్ల లైను లాగాలి. యుద్ధంలో ఆ లైను ఉంటుందన్న నమ్మకమేంటి? రొయ్యల చెరువు గట్టున నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కోసం డీజిల్ జనరేటర్ ఎందుకుంచుతారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

అదే రోజు దిగకుండా రోడ్డు మీదుగా దూసుకెళ్లిన సుఖోయ్-30 యుద్ధ విమానం సంగతి ఇంకా దూరం. ఆఫ్టర్‌బర్నర్ వేస్తే, అంటే ఇంజిన్ వెనక భాగంలో అదనంగా ఇంధనం మండిస్తే, ఒక్కో ఇంజిన్ ముందుకు నెట్టే బలం (థ్రస్ట్) సుమారు 12.5 టన్నులు. మండిన వాయువును వెనక్కి చిమ్మితేనే అది వస్తుంది.

రాడార్‌కు లోపల మోటారుందా ఇంజినుందా అన్నది పట్టదు, రెక్కలూ ప్రొపెల్లరూ తిప్పికొట్టే తరంగాలు చాలు. ప్రొపెల్లర్ గాలిని కోసే చప్పుడూ పోదు. వేడి తగ్గుతుంది కాబట్టి వేడిని వెతికే క్షిపణికి దొరకడం కష్టం. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి.

బ్యాటరీ నిలబడేది చిన్న నిఘా డ్రోన్లలో, పైలట్ల తొలి శిక్షణలో. ఇద్దరు కూర్చునే బ్యాటరీ విమానం పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రోకు 2020లో యూరప్ ధ్రువీకరణ వచ్చింది. డెన్మార్క్ సైన్యం 2021లో రెండింటిని అద్దెకు తీసుకుని పరీక్షకు పెట్టింది. అవి గాలిలో ఉండేది గంటలోపే.