శివారు గదికి నెట్ అందాలి

గోదావరి డెల్టాలో పుట్టినవాడికి రెండు హక్కులు పుట్టుకతోనే సంక్రమిస్తాయి. కాలువ నీరు మొదటిది. ఆ నీరు తన చేను దాకా రాలేదని అర్జీ పెట్టుకోవడం రెండోది. ఇంటింటికీ ఫైబర్ తీగ వచ్చాక ఈ హక్కులు గడప దాటి లోపలికి కూడా వచ్చాయి. కొత్త రౌటర్ కొన్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఎగువ గదులున్నాయి, శివారు గదులున్నాయి. ఎగువ గదిలో మనవడు మంచం మీద వెల్లకిలా పడుకుని సినిమా చూస్తుంటాడు. శివారు గదిలో తాతగారు, ఫోనులో అమెరికా మనవరాలి ముఖం గళ్లుగళ్లుగా విడిపోతుంటే, తన కళ్లద్దాలు తుడుచుకుంటుంటారు.

ఇందులో ప్రభుత్వాన్ని తప్పుపట్టడానికి లేదు. 2023 నాటి నిర్వచనం ప్రకారం సెకనుకు కనీసం 2 మెగాబిట్లు అందితే అది బ్రాడ్‌బ్యాండే. అంతకుముందు 512 కిలోబిట్లకే ఆ గౌరవం దక్కేది. కాబట్టి 100 మెగాబిట్ల ప్లానుకు నెలనెలా డబ్బు కట్టి, తాతగారి గదిలో 3 మెగాబిట్లు అందుకుంటున్న కుటుంబం కాగితం మీద యాభై శాతం మిగులులో ఉన్నట్టు లెక్క.

కొత్త రౌటర్ ఇంటికి వచ్చిన రోజున దానికి జరిగే మర్యాదలు చూసి తీరాలి. అట్టపెట్టె మీద 3000 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది దేని లెక్క అని ఎవరూ అడగరు. 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండుకు (రౌటర్ తరంగాలు నడిచే రెండు దారుల్లో ఒకటి) చెందిన 574 మెగాబిట్లనూ, 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండుకు చెందిన 2402నూ కూడగా, తగ్గిన 24ను తయారీదారులు పెద్దమనసుతో పూరించిన సంఖ్య అది. ఫోను ఏ సమయంలోనైనా ఆ రెంటిలో ఒకదాని మీదే ఉంటుంది. అదీ గోడలూ మనుషులూ లేని చోట, కాగితం మీది వేగం. తూము వెడల్పు చేసినంత మాత్రాన కాలువలో లేని నీరు చేలోకి రాదని ఈ డెల్టాలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. అయినా దుకాణంలో నిలబడినప్పుడు ఆరు కొమ్ములున్న రౌటర్‌నే అడుగుతాం.

ఇక దాన్ని పెట్టే చోటు. ఇంటి నడిమధ్య, కాస్త ఎత్తులో, చుట్టూ అడ్డు లేకుండా పెట్టాలని దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది. మన పద్ధతి వేరు. తీగ వీధి కిటికీలోంచి వచ్చింది కాబట్టి రౌటర్ కూడా అక్కడే. వచ్చినవాళ్లకు కనిపిస్తే బాగుండదు కాబట్టి టీవీ వెనక. దుమ్ము పడకూడదు కాబట్టి దాని మీద నరసాపురం లేసు గుడ్డ. పక్కనే ఇనప బీరువా, దాని తలుపుకు నిలువుటద్దం. ఇనుమూ, అద్దం వెనక పూతా తరంగాలను వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. చేపల తొట్టె ఉంటే అందులోని నీరు కొంత పీల్చుకుంటుంది. భీమవరం వైపు ఇళ్లలో దీన్ని కూడా ఆక్వా సాగు కింద నమోదు చేసుకోవచ్చు.

పాత మండువా లోగిళ్లవారి కష్టం ఇంకో రకం. వారికి ఇంటి నడిమధ్య అంటే సరిగ్గా వాన పడే చోటు. చుట్టూ సున్నం గారతో కట్టిన మందపాటి గోడలు. 5 గిగాహెర్ట్‌జ్‌కు వేగం ఎక్కువ, గోడ ఎదురైతే ఓపిక తక్కువ. 2.4 గోడ దాటుతుంది గానీ నింపాదిగా నడుస్తుంది. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి వదిలేస్తే, వీధి అరుగు మీద 2.4ను పట్టుకున్న తాతగారి ఫోను ఆయన లోపలికి వచ్చి రౌటర్ పక్కన కూర్చున్నా దాన్నే పట్టుకు వేలాడుతుంది. వేరువేరు పేర్లు పెడితే ఎవరు దేని మీద ఉన్నారో తేలిపోతుంది. కానీ పేరు పెట్టడమంటే మాటలా? ఒకదానికి నాన్నమ్మ పేరు పెడితే రెండోదానికి అమ్మమ్మ పేరు పెట్టాలి, అప్పుడు ఎవరి పేరు వేగంగా పరుగెత్తాలన్న ప్రశ్న వస్తుంది.

నెట్ కుర్రాడికి ఫోను చేస్తే సంభాషణ ఇలా సాగుతుంది.

"రౌటర్ ఒకసారి ఆపి వేశారా అండి?"

"వేశాం బాబూ, పొద్దుటి నుంచీ అదే పని."

"రౌటర్ మాదా అండి, మీరు కొనుక్కున్నదా అండి?"

"మేం కొన్నదే."

"అయితే లోపం అందులోనే ఉందండి."

దుకాణంవాడిని అడిగితే లోపం లైనులో ఉందంటాడు. చేను మునిగినప్పుడు పంటకాలువ వారు మురుగుకాలువ వారిని, వారు వీరిని చూపించడం చూస్తూ పెరిగినవాళ్లం కనుక ఈ సమాధానాలు మనకు కొత్త కాదు. కానీ కాలువ గట్టున తిరిగి నీటిని చూసుకునే లస్కరు ఎవరైనా ముందు చూసేది ఒక్కటే: ఎగువన ఎంత ఉంది? ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో నేరుగా ఫైబర్ పెట్టెకు తగిలించి ఒకసారి, తర్వాత అదే తీగతో రౌటర్‌కు తగిలించి ఒకసారి వేగం చూస్తే తగాదా సగం తీరుతుంది. పెట్టె దగ్గరే తక్కువుంటే కుర్రాడిని పిలవాలి. రెండుచోట్లా నిండుగా ఉండి గదిలో ఎండిపోతే అది మన ఇంటి పాపం. 300 మెగాబిట్ల ప్లాను తీసుకున్నా తీగతోనే సరిగ్గా 94 దగ్గర ఆగిపోతోందంటే దోషం గాలిలో లేదు, తీగలోనో పోర్టులోనో ఉంది. గిగాబిట్ వేగానికి తీగలోని నాలుగు జతలూ బతికుండాలి. నీలం జతో గోధుమ జతో తెగితే రౌటర్ ఎవరికీ చెప్పకుండా 100కు దిగిపోతుంది, అందులో చేతికందేది ఆ 94. ఆ తీగ ఎక్కడ తెగిందో వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తుఫాను రోజున ఎవరో గట్టిగా మూసిన కిటికీ రెక్క కింద అది రిబ్బన్‌లా చదునై కనిపిస్తుంది.

రెండో పంట దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులవారీ విధానం పెడితే ఊళ్లో గగ్గోలు పుడుతుంది. వైఫైలో ఆ విధానం మొదటి నుంచీ అమల్లో ఉందని చాలామందికి తెలియదు. ఒక చానల్ మీద, అంటే బ్యాండులోని ఒక పాయ మీద, ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి, మిగిలినవారు వంతు వచ్చేదాకా ఆగాలి. దూరాన, బలహీనమైన సిగ్నల్ మీద ఉన్న పాత ఫోను అదే మాట చెప్పడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. అంటే శివారు గదికి అందకపోవడమే కాదు, శివారు గది అడిగినప్పుడల్లా ఎగువ గదికి కూడా కోత పడుతుంది. మనవడు ఈ సంగతి తెలుసుకున్న రోజున తాతగారి మీద కేసు పెట్టినా పెడతాడు. 2.4 బ్యాండులో ఒకదానినొకటి తొక్కుకోని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్లో అన్ని ఇళ్ల రౌటర్లూ 6 మీదే కూర్చుంటే ఎవరికీ నిద్ర ఉండదు. వాటాదారులు సమావేశమై చానళ్లు పంచుకోవచ్చు గానీ, నీళ్ల మోటారు బిల్లు మీదే ఇంకా తీర్మానం కాలేదు.

అసలు విషయానికి వస్తాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి, కాటన్ దొర గురించి మనం ఎంత చెప్పుకున్నా, డెల్టాలో ఏళ్ల తరబడి రైతును ఏడిపిస్తున్నది రావలసిన నీరు ఒక్కటే కాదు, పోవలసిన నీరు కూడా. మురుగుకాలువలో పూడిక, దాని మీద గుర్రపుడెక్క, ఒక్క వానకు చేలు నడుములోతు. నెట్ కూడా ఇంతే. అందరూ దిగే వేగాన్నే (డౌన్‌లోడ్) చూస్తారు, ఎక్కే వేగాన్ని (అప్‌లోడ్) ఎవరూ చూడరు. వీడియో దిగుతున్నప్పుడు "అందింది, ఇంకా పంపు" అని మన ఫోను ఎప్పటికప్పుడు తిరుగు కబురు పంపాలి. ఆ కబురు వెళ్లే దారి మూసుకుపోతే దిగే దారి ఖాళీగా ఉన్నా వీడియో ఆగిపోతుంది. ఆ దారిని మూసే గుర్రపుడెక్క ఏమిటయ్యా అంటే, పాలకొల్లులో పెళ్లికి వెళ్లి వచ్చిన అత్తయ్య ఫోను. వధూవరులవి, విందువి, పందిరి కట్టినవాడివి, పొరపాటున తీసిన తన కాలివేళ్లవి, అన్ని ఫొటోలూ వీడియోలూ ఆ ఫోను రాత్రి తొమ్మిదింటికి తనంత తానుగా ఎక్కడో దూరపు గిడ్డంగికి పంపిస్తూ ఉంటుంది. అత్తయ్య మటుకు "నేనసలు నెట్టే వాడనర్రా" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆవిడ వాడరు, ఫోను వాడుతుంది. ఆ బ్యాకప్‌ను అందరూ పడుకున్నాక జరిగేలా మార్చడమో, రౌటర్‌లో ఎక్కే వేగానికి హద్దు పెట్టడమో చేస్తే, ఆరు కొమ్ముల రౌటర్ చేయలేని పని జరుగుతుంది.

అందుచేత నా ప్రతిపాదన. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చినట్టే ఇంటింటా ఒక వైఫై వినియోగదారుల సంఘం ఏర్పడాలి. ఒక లస్కరును నియమించి, గదిగదికీ తిరిగి వేగం కొలిచి, పుస్తకంలో రాయించాలి. పొరుగింటివారు పాత పాస్‌వర్డ్‌తో తోడుకుంటున్న దొంగతూములను మూయించాలి. ఇందుకు ఒప్పుకోకపోతే, 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినట్టు శివారు గదులు నెట్ విరామం ప్రకటించాలి. తాతగారు విరామం ప్రకటిస్తే ఇంట్లో ఎవరికైనా తెలుస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఇలాంటి సంఘం ఒక ఇంట్లో సమావేశమైంది కూడా. పదిహేను మీటర్ల ల్యాన్ తీగ లాగి రౌటర్‌ను నడవలోకి మార్చాలని లస్కరు నివేదిక ఇచ్చాడు. సంక్రాంతికి కొత్త రంగు వేయించిన గోడకు మేకు కొట్టనివ్వనని ఇల్లాలు అభ్యంతరం చెప్పారు. రౌటర్ ఉన్నచోటే ఉండాలనీ, సిగ్నల్ అందని తాతగారి గదిలోనే, అందిన సిగ్నల్‌ను మళ్లీ ముందుకు పంపే ఒక ఎక్స్‌టెండర్ పెట్టాలనీ ఇంటి పెద్ద సూచించారు. ఎండిన బోదెలో ఇంజను దింపితే ఏం తోడుతుందని లస్కరు అడిగాడు. అతనికి మాట్లాడే హక్కు లేదని గుర్తుచేశారు. తీర్మానం రాసి, ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి, అభ్యంతరాలకు గంట గడువిచ్చారు. శివారు గదిలో ఆ ఫొటో ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంది గానీ, గడువులోగా అక్కడి నుంచి జవాబు రాలేదు కాబట్టి ఏకగ్రీవమని పుస్తకంలో రాసుకున్నారు.