బ్రిడ్జి ఓపెన్

ఇండియా నుంచి వచ్చినవాడికి క్రికెట్ రాదంటే దక్షిణ అమెరికాలోని గయానాలో ఎవరూ నమ్మరు. 2014లో బెర్బీస్ ప్రాంతంలో ఒక సెకండరీ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేరాను. మూడో వారమే, చుట్టుపక్కల స్కూళ్ల ఇరవై ఓవర్ల టోర్నమెంటు నడిపే బాధ్యత నా నెత్తిన పడింది. తెనాలిలో నా క్రికెట్టల్లా మురిక్కాలవ పక్కన ఫీల్డింగే. అందులో పడ్డ బంతి ఏవగింపు లేకుండా తీసేవాణ్ణని జట్టులో ఉండనిచ్చేవాళ్లు. ఆ సంగతి హెడ్‌మిస్ట్రెస్‌కి దాచకుండా చెప్పేశాను. "ఇక్కడా కాలవలున్నాయిలెండి సర్" అంటూ ఆవిడ ఫైలు నా చేతిలో పెట్టింది.

నిజమే, ఉన్నాయి. పోటు వేళ సముద్రం కన్నా పల్లంగా ఉండే తీరం అది. సముద్రానికి అడ్డంగా గోడ కట్టి, ఊరూరా కాలవలు తవ్వి, లాకులు పెట్టుకుని బతుకుతున్నారు. గ్రౌండ్ అంటే ఓ పక్క తప్పకుండా కాలవ. బౌండరీ దాటిన బంతి ముందు ఆవుల మధ్యకి, అక్కణ్ణుంచి నీళ్లలోకి పోతుంది.

పోనీ ఎలాగోలా నెట్టుకొద్దామంటే అది అల్లాటప్పా ప్రాంతం కాదు. పోర్ట్ మొరాంట్ అనే ఒక్క చెరకు తోటల ఊరు నుంచే కన్హాయ్, బుచర్, సాల్మన్, కాళీచరణ్ వెస్టిండీస్‌కి ఆడారు. మన గవాస్కర్ కొడుక్కి రోహన్ అని పేరు పెట్టుకున్నది ఆ కన్హాయ్ మీద అభిమానంతోనే. 1983 మార్చిలో మనవాళ్లు వెస్టిండీస్‌ని వన్డేలో మొట్టమొదటిసారి ఓడించింది కూడా ఆ దగ్గర్లోని ఆల్బియన్‌లోనే. ఆ మ్యాచ్ చూశామన్న పెద్దమనుషులు నాకు రోజుకొకరు చొప్పున తగిలేవారు. తగిలినవాళ్లంతా నిజంగా చూసి ఉంటే ఆ గ్రౌండ్ ఎప్పుడో కూలిపోయి ఉండేది. అక్కడ రొట్టెలు కాల్చే బామ్మక్కూడా ఎల్బీడబ్ల్యూ మీద సొంత అభిప్రాయం ఉంటుంది. నాకే లేదు.

అందుకని నాకు తెలిసిన లెక్కల్ని నమ్ముకున్నాను. పదమూడు జట్లు. నాకౌట్ కాబట్టి ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో జట్టు ఇంటికి పోతుంది, చివరికి ఒకటి మిగలాలి, కాబట్టి పన్నెండు మ్యాచ్‌లు. మొదటి రౌండులో మూడు జట్లకి బై, అంటే ఆడకుండానే రెండో రౌండుకి పోతాయి. కంప్యూటర్లో రంగు రంగుల గళ్లు గీసి, ఆలస్యంగా వచ్చే జట్లని దారిలో పెట్టడానికి ఓ రూలు కూడా చేర్చాను: అరగంట దాటితే వాకోవర్, అంటే అవతలి జట్టు ఆడకుండానే గెలిచినట్టు. ప్రింటు తీసి గోడకి అంటించి, దూరంగా నిలబడి చాలాసేపు చూసుకున్నాను. మొదటి రోజు బై వచ్చిన జట్టొకటి పొద్దున్నే తెల్లబట్టల్లో దిగి, "సర్, మా ప్రత్యర్థి జట్టు రాలేదు, మేము గెలిచినట్టేనా?" అని అడిగింది. గెలిచినట్టే అన్నాను. కేకలు పెట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ టోర్నమెంటులో ఏ గొడవా లేకుండా ముగిసిన మ్యాచ్ అదొక్కటే.

అసలు కథ సెమీఫైనల్ రోజుది. ఒక జట్టు బెర్బీస్ నదికి అవతలి ఒడ్డు నుంచి రావాలి. నది మీద ఒకటిన్నర కిలోమీటరు పొడవున తేలే వంతెన ఉంది, 2008లో వేశారు. ముందురోజు స్టాఫ్ రూములో ఒకాయన "రేపు పొద్దున ఎనిమిదిన్నరకి బ్రిడ్జి ఓపెన్ సర్" అని చెప్పాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఎనిమిదిన్నరకి తెరిస్తే తొమ్మిదికల్లా గ్రౌండులో ఉంటారని లెక్కేసి, తొమ్మిదిన్నరకి టాస్ పెట్టాను.

బ్రిడ్జి ఓపెన్ అంటే ఓడలకి ఓపెన్ అట. పోటు మీద ఓడలు వచ్చినప్పుడు వంతెన మధ్య ముక్కని పక్కకి జరుపుతారు, గంటా గంటన్నర బండ్లు ఒడ్డునే ఆగాలి. ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. పోటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని బోర్డు మీద లెక్క వేయించిన మాస్టారికి తెలియలేదు.

పది నిమిషాలకోసారి ఫోన్ చేశాను. వ్యాన్ డ్రైవర్ అంకుల్ ప్రతిసారీ ఒకటే మాట: "జస్ట్ నౌ సర్." ఆ దేశంలో ఆ మాటకి అర్థం ఇప్పుడే అని కాదు. మనవాళ్లు స్నానాల గదిలోంచి "దారిలో ఉన్నా" అంటారు చూడండి, అది.

పదిగంటలు కొట్టేసరికి ఇవతలి జట్టు కెప్టెన్ వాకోవర్ ఇమ్మన్నాడు. అంపైర్ చెరకు తోటలో మేస్త్రీగా రిటైరైన మనిషి. కళ్లజోడు తుడుచుకుని, నేను రాసిన రూలు నాకే పైకి చదివి వినిపించాడు. రూలు రాసినవాణ్ణి నేనే కదా, కాస్త చూసీ చూడనట్టు పొమ్మన్నాను. "రాసినవాళ్లే పాటించకపోతే ఎలా సర్" అన్నాడు. ఈ బేరం సాగుతుండగానే, రెండు జట్ల కోసం వండిన కుకప్ రైస్ గిన్నెల మూతలు లేచాయి. కుకప్ రైస్ అంటే అలసందలూ కొబ్బరిపాలూ మాంసం కలిపి వండే అన్నం. ఆ వాసన ముందు వాకోవర్ సంగతి అందరూ మరిచిపోయారు. అంపైర్ రెండోసారి వడ్డించుకుంటుండగా వ్యాన్ వచ్చింది. మ్యాచ్ మిగిలింది గానీ అన్నం మిగల్లేదు.

పన్నెండేసి ఓవర్లకి కుదించి ఆడించాం. కడుపు మండిన జట్టు ఎలా ఆడుతుందో ఆ రోజు చూశాను. చివరి ఓవర్లో వాళ్ల కుర్రాడు కొట్టిన సిక్సరు నేరుగా కాలవలో పడింది. విడి బంతులున్న బీరువా తాళం మా అటెండర్ జేబులో ఉంది, ఆయన పొద్దున్నే ఏదో పని మీద అవతలి ఒడ్డుకి వెళ్లాడు. "నీళ్లలో మొసలి ఉంటుంది సర్" అని ఎవరో అన్నారు. నేను ప్యాంటు మడిచి దిగాను. కాలితో వెతికి రెండు నిమిషాల్లో బంతి పైకి తీశాను. చప్పట్లు కొట్టారు. తెనాలిలో కూడా అంత మర్యాద దొరకలేదు. తర్వాతి బంతికే ఆకలి జట్టు గెలిచింది.

ఫైనల్‌కి మాత్రం బుద్ధిగా పేపర్ తెప్పించి, బ్రిడ్జి వేళలు కత్తిరించి జేబులో పెట్టుకున్నాను. పోటు లేని వేళ చూసి టాస్ పెట్టాను. ఆ పొద్దున కప్పు తీసుకుని రాజధాని జార్జ్‌టౌన్ నుంచి మినీబస్సులో బయల్దేరాను. వంతెన దగ్గరికి రాగానే ముందు బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. కాగితం తీసి మళ్లీ చదివాను. అప్పట్లో గయానాలో తేలే వంతెనలు రెండు. పేపర్లో రెండిటి వేళలూ ఒకదాని కింద ఒకటి వేసేవారు. నేను కత్తిరించుకున్నది డెమెరారా నది వంతెనది.

ఒళ్లో కప్పు చూసి పక్క సీటు పెద్దాయన "ఏం గెలిచారు?" అని అడిగాడు. ఈలోగా ఫోన్ మోగింది. అంపైర్. రెండు జట్లూ టైముకే వచ్చేశాయట.

"ఎక్కడున్నారు సర్?"

"జస్ట్ నౌ" అన్నాను.

"అరగంటే సర్" అన్నాడు. "దాటితే మీరు ఓడిపోయినట్టు రాసేస్తా."