ఒక్కో కుక్కర్‌కు 44 రూపాయలు

2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (అందరూ సీసీపీఏ అంటారు) అమెజాన్‌పై ఒక ఉత్తర్వు ఇచ్చింది. తప్పనిసరి ప్రమాణాలు పాటించని ప్రెషర్ కుక్కర్లు ఆ వేదికపై 2,265 అమ్ముడయ్యాయి. వాటిపై అమెజాన్‌కు రుసుముల రూపంలో వచ్చింది 6,14,825 రూపాయలు. పడిన జరిమానా లక్ష. భాగహారం చేసి చూడండి: ఒక్కో కుక్కర్‌పై రాబడి 271 రూపాయలు, జరిమానా 44. కొన్నవారికి సమాచారం ఇవ్వాలని, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలని కూడా ఉత్తర్వులో ఉంది, కాదనను. కానీ అదే ఏడాది పేటీఎం మాల్‌పై అమ్ముడైన 39 కుక్కర్లకూ జరిమానా లక్షే. అంటే 39 అమ్మినచోట ఒక్కోదానికి రెండున్నర వేలకు పైగా పడితే, 2,265 అమ్మినచోట 44 రూపాయలు పడింది. ఎంత ఎక్కువ అమ్మితే శిక్ష అంత చవకన్నమాట. ఏ వ్యాపారికైనా దీనినుంచి అందే పాఠం ఒక్కటే.

ఆ పాటి జరిమానాను కూడా పెద్ద సంస్థలు ఊరికే వదల్లేదు, ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. లక్ష రూపాయల కోసం ఎవరూ అంత ఖరీదైన న్యాయవాదులను పెట్టుకోరు. వారికి కొరుకుడు పడనిది ఉత్తర్వులోని తర్కం. వస్తువు అమ్ముడైన ప్రతిసారీ సొమ్ము చేసుకునే సంస్థ, ఆ వస్తువు భద్రత గురించి అడిగేసరికి నాకేమీ సంబంధం లేదని తప్పుకోలేదని సీసీపీఏ తేల్చింది. నా దృష్టిలో ఈ దేశంలో ఆన్‌లైన్ అమ్మకాలపై ఒక ప్రభుత్వ సంస్థ రాసిన మాటల్లో అంతకన్నా సూటిగా ఉన్నది లేదు. జరిమానా మాత్రం ఆ మాటకు తగ్గట్టు లేదు.

కుక్కర్‌కు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ ఇచ్చిన నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. బొమ్మలకు అంతకు నెల ముందే వచ్చింది. హెల్మెట్లు, వేడినీళ్ల రాడ్లు, గ్యాస్ పొయ్యిలు, ఛార్జర్లు, జాబితా చాలా పెద్దది. కుక్కర్ విజిల్ మొరాయిస్తే సేఫ్టీ వాల్వ్ కరగాలి, అదీ పని చేయకపోతే గాస్కెట్ దారిలో ఆవిరి బయటపడాలి. ఇవన్నీ ప్రయోగశాలలో పరీక్షించి చూశాకే గుర్తు దొరుకుతుంది. గుర్తు లేని కుక్కర్‌పై ఆ పరీక్ష మన వంటింట్లో జరుగుతుంది. కాబట్టి నియమాలు లేవని ఎవరూ అనకండి, కావలసినన్ని ఉన్నాయి. అవి తయారీదారు గుమ్మం దగ్గర మొదలై వెబ్‌సైట్ గుమ్మం దగ్గర ఆగిపోతున్నాయి.

2025 మార్చిలో, ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) అధికారులు గోదాముల తలుపులు తట్టినప్పుడు ఈ సంగతి బయటపడింది. ఢిల్లీలో అమెజాన్ గోదాములో 3,500కు పైగా వస్తువులు పట్టుకున్నారు. ఫ్లిప్‌కార్ట్ అనుబంధ సంస్థ గోదాములో 590 జతల బూట్లు దొరికాయి. తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలోనూ ఇదే తంతు. మన శంషాబాద్ విమానాశ్రయం దగ్గరున్న అమెజాన్ గోదాములో 2,700కు పైగా వస్తువులు స్వాధీనం చేసుకున్నారు. స్టీలు నీళ్ల సీసాలు, ఛార్జర్లు, ఇయర్‌బడ్‌లు, పిల్లల బొమ్మలు, వాటిలో కుక్కర్లు కూడా. విలువ 50 లక్షల పైమాటే. ఇక్కడ గమనించవలసింది సంఖ్యలు కావు, చోటు. ఆ సరుకు ఎక్కడో సూరత్ సందులో, సదర్ బజార్ మేడ మీద దొరకలేదు. ఈ సంస్థల అరల్లో, ఈ సంస్థల బార్‌కోడ్ కింద, ఈ సంస్థల డబ్బాల్లోకి ఎక్కడానికి సిద్ధంగా దొరికింది.

అయినా పాత పాటే వినిపిస్తుంది: మేము అమ్మడం లేదు, అమ్మేవాళ్లకు చోటు మాత్రం ఇస్తున్నాం. సంతలో జాగా అద్దెకిచ్చినవాడు చెప్పే మాట ఇది. కానీ ఏ సంతలో జాగా యజమాని సరుకును తన కొట్టంలో దాచి, తన సంచిలో కట్టి, తన మనిషితో ఇంటికి పంపించి, డబ్బు తన చేతిలోకి తీసుకుని, నచ్చకపోతే తానే వెనక్కి తీసుకుంటాడు? ఏ అంగడి ముందు ఉండాలో, ఏది నూరో పేజీలో పడాలో తానే నిర్ణయిస్తాడా? అమ్మకందారు ఖాతాకు సొమ్ము ఎప్పుడు చేరాలో కూడా ఈ వేదికే చెబుతుంది. ఇవన్నీ పోగా అమ్మకందారుకు మిగిలేది బిల్లు మీద ఒక పేరు. ఆ పేరు వచ్చే నెలకు ఉంటుందో లేదో కూడా తెలియదు.

చట్టం వైపు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం మొదటిసారి వచ్చింది. అందులో 'ఉత్పత్తి విక్రేత' నిర్వచనం ఎంత విశాలమంటే, దిగుమతి చేసేవారు, పంపిణీ చేసేవారు, ప్యాకింగ్ చేసేవారు, మార్కెటింగ్ చేసేవారు, వస్తువును వ్యాపారం కోసం జనం ముందుకు తేవడంలో ఏదో విధంగా పాలుపంచుకున్నవారు అందరూ దానిలోకి వస్తారు. తయారీదారు ఎవరో తెలియకపోతే, తెలిసినా నోటీసు అందించే వీలు లేకపోతే, విక్రేతే బాధ్యుడని 86వ సెక్షన్ చెబుతోంది. చైనా నుంచి వచ్చి, ఊరూ పేరూ లేని బ్రాండ్ అంటించుకున్న ఛార్జర్ కోసమే రాసినట్టుంది ఆ వాక్యం. కానీ మరుసటి ఏడాది, 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు పక్క తలుపు తెరిచిపెట్టాయి: సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ షరతులు పాటిస్తే వేదికకు ఆ సెక్షన్ ఇచ్చే రక్షణ ఉంటుంది. పార్లమెంటు మూసిన దారిని మంత్రిత్వ శాఖ నోటిఫికేషన్ తెరిచింది.

ఆ 79వ సెక్షన్ దేని కోసం పుట్టింది? ఇతరులు పెట్టిన సమాచారాన్ని మోసుకెళ్లినందుకు మధ్యలో ఉన్నవారిని శిక్షించకూడదని. ఒకరు రాసిన నిందకు ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవారిని జైల్లో పెట్టకూడదు, నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. ఆ సెక్షన్ మాట్లాడేది సమాచారం గురించి, దత్తాంశం గురించి. కుక్కర్ సమాచారం కాదు. ఒత్తిడి పెరిగితే పేలే లోహపు పాత్ర. దాని ఫొటో, ధర, వర్ణన సమాచారం కావచ్చు, వాటిని కాపాడుకోండి. ట్రక్కులో గోదాముకు వచ్చి, మనిషి చేతుల మీదుగా ప్యాకింగ్ బల్ల ఎక్కి, మోటార్ సైకిల్ మీద మా వీధికి చేరిన వస్తువుకు ఆ రక్షణ ఎలా వర్తిస్తుంది? ఢిల్లీ హైకోర్టు 2018లో ఒక కేసులో, చురుగ్గా పాల్గొనే వేదికకు ఈ రక్షణ దక్కకపోవచ్చంది. 2020లో అదే కోర్టు ధర్మాసనం మరో కేసులో చురుకు, నిష్క్రియ అనే తేడా చట్టంలో లేదంది. ఆ రెండు తగాదాలూ ట్రేడ్‌మార్కులు, అమ్మకపు ఒప్పందాల గురించి. మనిషి ఒంటి మీద బొబ్బల గురించి కాదు. ఆ తీర్పులను తెచ్చి భద్రత ప్రశ్నకు అడ్డం పెట్టడం వకీళ్ల చాతుర్యం తప్ప మరొకటి కాదు.

ఎదుటి వాదన ఒకటుంది, అందులో కొంత నిజమూ ఉంది. బాధ్యత పెంచితే వేదికలు పెద్ద బ్రాండ్లకే తలుపు తెరుస్తాయని, మంగళగిరి చీరలో కొండపల్లి బొమ్మలో అమ్ముకునే చిన్నవారు కాగితాల కింద నలిగిపోతారని అంటారు. వీధి దుకాణంలో గుర్తు లేని కుక్కర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి కదా, మమ్మల్నే ఎందుకు పట్టుకుంటారనీ అంటారు. చీరకు పేలే గుణం లేదు. నేనడిగేది తప్పనిసరి గుర్తు అవసరమైన వస్తువుల గురించి మాత్రమే. ఇక వీధి దుకాణదారు విషయానికి వస్తే, అతని దగ్గర లేనిది ఈ సంస్థల దగ్గర ఉంది. 2023 మేలో సీటుబెల్టు అలారం మోగకుండా చేసే క్లిప్పులను తీసేయమని సీసీపీఏ అయిదు వేదికలను ఆదేశిస్తే 13,118 లిస్టింగులు మాయమయ్యాయి. చెప్పించుకుంటే చేయగలిగినవారు, చెప్పక ముందు చేయలేమనడం ఏమిటి? లైసెన్సు నంబరు నింపనిదే, ఆ నంబరు బీఐఎస్ పట్టికతో సరిపోలనిదే లిస్టింగు తెరుచుకోకుండా చేయడం వీళ్ల ఇంజనీర్లకు పెద్ద పనేమీ కాదు.

బయట దేశాలు కదులుతున్నాయి. యూరప్‌లో 2024 డిసెంబర్ 13 నుంచి అమల్లోకి వచ్చిన భద్రతా నిబంధన ప్రకారం, యూరోపియన్ యూనియన్‌లో జవాబు చెప్పే బాధ్యుడు లేని వస్తువును అక్కడ అమ్మకానికి పెట్టకూడదు. ప్రమాదకరమని అధికారులు ఆదేశిస్తే వేదిక రెండు పనిదినాల్లో తొలగించాలి. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2024 జూలైలో, అమెజాన్ తన గోదాముల నుంచి పంపే ఇతరుల వస్తువులకు అది పంపిణీదారేనని తేల్చింది. సంస్థ దాన్ని కోర్టులో సవాలు చేసింది, అది వేరే కథ. మన దగ్గర 2021 జూన్‌లో వచ్చిన సవరణ ముసాయిదా, అమ్మకందారు చేతులెత్తేస్తే కొన్ని సందర్భాల్లో వేదికే బాధ్యత వహించాలని ప్రతిపాదించింది. ముసాయిదా ముసాయిదాగానే మిగిలింది.

దీనికి కారణం సంస్థల పలుకుబడి ఒక్కటే అనుకుంటే పొరపాటు. మన ప్రభుత్వాలకు పాత అలవాటు ఒకటుంది: భారాన్ని పౌరుడి నెత్తిన పెట్టి, దానికి చైతన్యం అని పేరు పెట్టడం. కల్తీ పాలు వస్తే పరీక్షించుకోవడం నేర్చుకోండి అంటారు. ఫోన్‌లో మోసం జరిగితే ఓటీపీ ఎందుకు చెప్పారంటారు. కుక్కర్ పేలితే గుర్తు చూసి కొనలేదా అంటారు; బీఐఎస్ కేర్ యాప్‌లో నంబరు కొట్టి చూసుకోమంటారు. యాప్ మంచిదే. కానీ ఆన్‌లైన్ పేజీలో నంబరే కనిపించకపోతే ఏం కొట్టాలి? పెట్టె ఇంటికి వచ్చాక, డబ్బు కట్టాక, తనిఖీ అధికారి పని నాన్నమ్మ చేయాలి. ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి అని నియమాల్లో ఉంది. కాలిన చేయికి ఆ నెల చాలా పొడవు.

ఇంతకన్నా లోతైన లోపం, లెక్క లేకపోవడం. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రమాద మరణాల నివేదికలో గ్యాస్ సిలిండర్, స్టవ్ పేలుళ్లకు ఒక వరుస ఉంది. అదీ ప్రధానంగా మరణాల లెక్కే. చనిపోకుండా చూపు పోయినవారు, వేళ్లు కాలినవారు ఏ వస్తువు వల్ల ఆ స్థితికి వచ్చారో ఎక్కడా క్రమంగా నమోదు కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాకే బ్యాటరీ ప్రమాణాలను బిగించారు. మరణమే మన హెచ్చరిక వ్యవస్థ అయిపోయింది. అమెరికాలో ఎంపిక చేసిన ఆసుపత్రుల అత్యవసర విభాగాల నుంచి, ఏ వస్తువు వల్ల గాయమైందో సేకరించే పద్ధతి 1970ల నుంచి నడుస్తోంది. అక్కడి కమిషన్ వస్తువులను వెనక్కి రప్పించగలగడానికి బలమిచ్చేవాటిలో అదొకటి.

ఢిల్లీ కోసం ఎదురు చూడకుండా రెండు తెలుగు రాష్ట్రాలూ చేయగలిగిన పని ఇది. ఉస్మానియా ఆసుపత్రిలోనూ, విశాఖ కేజీహెచ్‌లోనూ కాలిన గాయాల వార్డులున్నాయి. కేస్ షీటులో రెండు గడులు చేర్చండి: గాయానికి కారణమైన వస్తువు ఏది, ఎక్కడ కొన్నారు. మూడు నెలలకు ఒకసారి ఆ పట్టికను, రోగుల పేర్లు లేకుండా, సీసీపీఏకు పంపండి, పత్రికలకూ ఇవ్వండి. అప్పుడు జరిమానాను అమ్ముడైన డబ్బాల లెక్కన కాకుండా వార్డులో చేరిన మనుషుల లెక్కన అడగవచ్చు.