ప్యాకెట్ చేరింది, కొలత చేరలేదు

పేద దేశాల్లో శిశు మరణాలు తగ్గాలంటే ముందుగా పెద్దాసుపత్రులు కట్టాలంటూ ఒక వ్యాసకర్త చేసిన వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సరిపడా దొరకనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి మరణాలను బాగా తగ్గించగలిగారు. తర్వాత 1980 నుంచి బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు ఎలా కలపాలో తల్లుల చేతనే చేయించారు. ఆ కార్యకర్తలకిచ్చే డబ్బును ఎన్ని గడపలు తొక్కారన్నది కాక, తల్లులకు ఎంత గుర్తుందన్నది చూసి లెక్కకట్టేవారు. పరిపాలన అంటే నా దృష్టిలో ఇదీ.

మా చిత్తూరు బెల్లానికి పేరుపడ్డ ఊరు (పిడికెడు బెల్లానికి ఇక్కడ కరువేమీ లేదు). అయినా గత వేసవిలో పక్కింటి పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే, వాళ్లమ్మ ఓఆర్‌ఎస్ (అదే ఉప్పు, గ్లూకోజు పొడి) ప్యాకెట్ మొత్తాన్ని ఒక్క గ్లాసు నీళ్లలో కలిపేసింది. లీటరు నీళ్లలో కలపాలని దాని మీద ఉంది గానీ, ఆ అక్షరాలు ఆవగింజంత. అంత చిక్కగా తాగిస్తే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణం మీదికి రావచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. దాంతోపాటు 14 రోజులు వేయాల్సిన జింకు మాత్రలు ఆరోగ్య ఉపకేంద్రంలో నిండుకున్నాయట. చివరికి ఖాళీ లీటరు సీసా తెచ్చి కొలత చూపించింది నేనే. ప్యాకెట్ ఇచ్చినట్టు రిజిస్టరులో సంతకం మాత్రం ఉండే ఉంటుంది.