'గోడలు లేచేదాకా ప్లాన్ మార్చుకోవచ్చు' అనే మాట నమ్మి ముగ్గు పోయకండి

'సొంతిల్లు కట్టేవారికి ఆరు రహస్యాలు' అనే వాట్సాప్ మెసేజ్ హన్మకొండ, కాజీపేట కాలనీ గ్రూపుల్లో ఆగకుండా తిరుగుతోంది. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ బ్యాంకు లోను తీసుకుని ఇల్లు మొదలుపెట్టబోయే మనిషి దీన్ని నమ్మితే నిండా మునుగుతాడు. అందులో ఉన్నది ఇదీ: అడుగు రేటు మాట్లాడుకుంటే చాలు, రాతకోతలు వద్దు. గోడలు లేచేదాకా ప్లాన్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఖర్చు రాదు. చిన్న మార్పులు మేస్త్రీతో ఉచితంగా చేయించుకోవాలి. టైల్స్, రంగులు ముందే తేల్చకూడదు. పర్మిషన్ తీసుకున్నాక పైన ఇంకో అంతస్తు తర్వాత వేసుకోవచ్చు. శ్రావణంలో ముగ్గు పోస్తే, అంటే పునాదికి గీతలు గీస్తే, పని ఆగదు.

ఆఖరుది ముందు తేల్చేద్దాం. శ్రావణమంటే వానలు. పిల్లర్ గుంతల్లో నీళ్లు నిలిస్తే మోటారు పెట్టి తోడాలి, ఒడ్డు కూలితే మళ్లీ తవ్వాలి. నమ్మకం ఉన్నవాళ్లు ముగ్గు పోసుకోండి, గుంతలు మాత్రం వాన తెరిపిచ్చాక తవ్వించండి.

ఇక 'అడుగు రేటు చాలు' అన్నమాట. ఏ అడుగు? బయటి గోడల కొలత 30, 40 అడుగులైతే 1,200 చదరపు అడుగులు. అదే ఇంటికి స్లాబు చుట్టూ రెండేసి అడుగులు బయటికి వస్తే 34, 44 అవుతుంది, అంటే 1,496. యజమాని గోడలు కొలుస్తాడు, మేస్త్రీ స్లాబు కొలుస్తాడు. అడుగుకు 1,800 అనుకున్నా తేడా 5,32,800 రూపాయలు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఏది కొలవాలో రాసుకోలేదు. బాల్కనీ, పోర్టికో సగం లెక్కా, పూర్తి లెక్కా అన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

గుత్తలో ఏముందో అందరూ అడుగుతారు, ఏం లేదో అడగరు. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బోరు, గేటు, ఎలివేషన్, మెట్ల మీది గది, కబోర్డులు, కరెంటు మీటరు: వీటిలో ప్రతిదాని ఎదురుగా 'ఉంది' లేదా 'లేదు' అని రాయించుకోండి. పునాది లోతు మాత్రం ఎంత తెలివైనవాడైనా ముందే తేల్చలేడు. మన దగ్గర ఒక ప్లాటులో మూడడుగులకే బండ తగలొచ్చు, ఇంకో చోట నల్లరేగడి దాటి గట్టి మొరం దాకా దిగాల్సి రావచ్చు. అందుకే ఇన్ని అడుగుల దాకా ఈ రేటులోనే, ఆపైన అడుగుకు ఇంత, బండ పగలగొడితే ఇంత అని ముందే మాట్లాడుకోవాలి. గుంత తవ్వి, రాడ్లు దిగి, పని ఆగిన రోజున బేరం చేస్తే మేస్త్రీ చెప్పిందే రేటు.

అసలు ప్రమాదమంతా రెండో మాటలో ఉంది. గోడ ఇంకా లేవలేదు కాబట్టి గదులు ఎటైనా జరపొచ్చట! గోడ ఎక్కడ వస్తుందో పిల్లర్ గుంత తవ్విన రోజే తేలిపోయింది. పిల్లర్ రాడ్లు గుంత అడుగున పోసిన కాంక్రీటు దిమ్మె, అదే ఫుటింగులోంచి పైకి లేచి ఉంటాయి, పిల్లర్లను కలుపుతూ కింద ప్లింత్ బీమ్ పడుతుంది, గోడ ఆ బీమ్ మీద కూర్చుంటుంది. వంటగది గోడను రెండడుగులు జరిపారంటే పిల్లర్ గది మధ్యలో మిగులుతుంది, గోడేమో బేస్‌మెంటులో నింపిన మట్టి మీద లేస్తుంది. రెండు వానలకు ఆ మట్టి కుంగితే గోడ పగులుతుంది. ఎన్నిసార్లు గిలాబు (సిమెంటు పూత) చేయించినా ఆ పగులు పోదు.

పై అంతస్తులో అయితే ఇంకా దారుణం. ఇంట్లో మనుషులకు, సామానుకు కలిపి స్లాబు మీద చదరపు మీటరుకు 200 కిలోలు లెక్క కట్టి డిజైన్ చేస్తారు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తున కడితే మీటరు పొడవుకే దాదాపు 1,300 కిలోలు, గిలాబు బరువు వేరే. నాలుగు మీటర్ల గోడ అంటే 5 టన్నులు పైనే. కింద బీమ్ లేని ఐదంగుళాల స్లాబు మీద దాన్ని పెట్టుకోమని జనానికి సలహా ఇస్తున్నారు! ఇది రాసిన పెద్దమనిషి ఆ స్లాబు కింద మంచం వేసుకుని పడుకుంటాడా?

టాయిలెట్ జరపడమూ ఇలాంటిదే. నాలుగంగుళాల పైపు ప్రతి 40 అడుగులకు ఒక అడుగు వాలాలి. టాయిలెట్‌ను 20 అడుగులు అవతలికి మారిస్తే వాలుకే ఆరంగుళాలు కావాలి, పైపు మందం కలిపితే పది దాటుతుంది. అక్కడ స్లాబును కిందికి దించి పోయకపోతే మిగిలిన దారులు రెండే. బాత్‌రూమ్ నేలను మెట్టంత ఎత్తు లేపాలి, లేదంటే కింది గది పైకప్పుకు పైపు వేలాడదీయాలి. వాలు తగ్గించి సర్దుకుంటే నెలకోసారి పైపు జామ్ అవుతుంది.

మార్పులే వద్దని కాదు, దేనికి ఎప్పటిదాకా గడువు ఉందో తెలియాలి. పిల్లర్లు, మెట్లు, టాయిలెట్లు, సంపు స్థలం ముగ్గుకు ముందే ఖాయం కావాలి. ఫ్యాన్ బాక్సులు, స్లాబులో వేసే కరెంటు పైపులు, స్లాబు దాటే నీళ్ల పైపుల రంధ్రాలు కాంక్రీటు పోసే ముందు రోజుకల్లా ఫొటో తీసి పెట్టుకోవాలి. స్విచ్ బోర్డులు, ఏసీ పాయింట్లు, గీజరు, నల్లాల చోట్లు గిలాబుకు ముందు గోడ మీద చాక్‌పీసుతో గీసి చూసుకోండి. ఏసీకి విడిగా వైరు లాగాలి. గిలాబు అయ్యాక గుర్తొస్తే గాడి కొట్టాలి, దానికి డబ్బులు కట్టాల్సింది మీరే.

'చిన్న మార్పులు ఉచితం' అనేది మేస్త్రీని మోసం చేయమని చెప్పడమే. కూలి, సిమెంటు ఎవరికీ ఊరికే రావు. అదనపు పని డబ్బు దక్కని మేస్త్రీ ఆ లోటును ఎక్కడో ఒకచోట సర్దుకుంటాడు, మనకు కనబడనిచోట. బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి, నాలుగైదు రోజులకే ఆపేస్తాడు. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద పోట్లు (ఆసరా కర్రలు) 14 రోజులు ఉండాలి, సెంట్రింగ్ కిరాయి మిగిలించుకోవడానికి వారానికే లాగేస్తాడు. ప్రతి మార్పుకూ ఒక చీటీ రాయండి: ఏం మారుతోంది, ఎంతవుతుంది, ఎన్ని రోజులు పెరుగుతాయి. పని మొదలుకాకముందే ఇద్దరూ సంతకం పెట్టండి. సంతకం కుదరకపోతే వాట్సాప్‌లో పంపి 'సరే' అనిపించుకోండి. ఆ లెక్కను స్లాబు బిల్లు అప్పుడే తేల్చుకోండి, గృహప్రవేశం దాకా పెట్టుకోకండి.

ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ మెసేజ్ ఎవరూ పంపొద్దు, చేతులెత్తి మొక్కుతాను. 5 లక్షల సాయం, అదీ పని దశను బట్టి విడతలుగా వస్తుంది. ఇల్లు 600 చదరపు అడుగులు దాటకూడదు. మధ్యలో 'ఒక గది పెంచుదాం' అనుకుంటే బిల్లు ఆగుతుంది, ఇల్లు బేస్‌మెంటు దగ్గరో గోడల దగ్గరో నిలిచిపోతుంది.

టైల్స్, రంగుల విషయంలో మాత్రం మెసేజ్ చెప్పిందే సరైనది. నేల పరిచేది ఎన్నో నెలల తర్వాత. ఇప్పుడు ఎంచుకున్న డిజైను అప్పటికి షాపులో ఉండకపోవచ్చు. కొనిపెడితే పెట్టెలు సైటులో పగులుతాయి. 'టైల్స్ అడుగుకు ఇంత లోపు, ఆపైన తేడా యజమానిది' అని ఒక్క వాక్యం గుత్త కాగితంలో ఉంటే చాలు, రంగూ డిజైనూ తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు. ముందే అన్నీ ఖాయం చేయించాలని పట్టుబట్టే ఇంజనీర్లు ఇక్కడ పొరబడతారు.

మిగిలింది పర్మిషన్. తెలంగాణలో ఇళ్ల అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి మన స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. వరంగల్ కార్పొరేషన్‌లోనూ అదే పద్ధతి. మన మాట నమ్మి ఇచ్చిన అనుమతి కాబట్టే దాన్ని మీరి కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. పైగా రెండంతస్తులకు వేసిన ఫుటింగు మీద మూడోది లేపితే ఆ బరువు మోయాల్సింది ఆ ఫుటింగే. పిల్లల కోసం పైన వేయాలనే ఆలోచన ఉంటే ముగ్గు పోయకముందే ఇంజనీరుకు చెప్పి పునాది, పిల్లర్లు మూడంతస్తులకు తగ్గట్టు డిజైన్ చేయించుకోండి. అనుమతి ఇప్పుడు కట్టేదానికి తీసుకుని, పైది కట్టే రోజున దానికి మళ్లీ దరఖాస్తు చేయండి.