సిగ్గుపడితే ముదిరే జబ్బు

రక్తపోటు ఎంత ఉందో నలుగురిలో చెప్పుకొంటాం. షుగర్ పెరిగిందని బస్సులో పక్క సీటువారితోనూ ముచ్చటిస్తాం. మలంలో రక్తం కనిపిస్తే మాత్రం ఇంట్లోవారికైనా చెప్పం. మొలలేమోనని సర్దిచెప్పుకొని నెలలు గడిపేస్తాం. పెద్దపేగు క్యాన్సర్‌కు ఈ మౌనం బాగా కలిసివస్తోంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా ప్రజలు పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల బారిన పడ్డారు. 9 లక్షల మంది మరణించారు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే.

నిజానికి ఇది తీరిగ్గా వచ్చే జబ్బు. చాలావరకు పేగు లోపలి పొరపై పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి సాధారణంగా పదేళ్లదాకా పడుతుంది. ఆలోగా దాన్ని కత్తిరించి తీసేస్తే అక్కడ క్యాన్సరే పుట్టదు. ఇంత గడువు ఇచ్చే శత్రువు చేతిలో ఓడిపోవడానికి మన బిడియం తప్ప వేరే కారణం వెతకనక్కరలేదు.

మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష కొలనోస్కోపీ. ఆ పేరు వినగానే జంకేవారే ఎక్కువ. చేయించుకున్నవారిని అడిగితే, పరీక్షకన్నా ముందు రోజు తాగిన విరేచనాల మందే కష్టమంటారు. ఆ మందును మాత్రం పూర్తిగా తాగాల్సిందే. పేగు శుభ్రపడకపోతే పాలిప్‌లు కంటపడవు. ఏ లోపమూ కనిపించకపోతే, ముప్పు ఎక్కువ లేనివారికి మళ్లీ పదేళ్లదాకా అవసరం ఉండదు. అది వద్దనుకునేవారికి ఏటా చేయించుకునే మలపరీక్ష ఉంది. ఇంట్లోనే కొద్దిపాటి నమూనా తీసి ఇస్తే, కంటికి కనిపించని రక్తాన్నీ పట్టేస్తుంది. పథ్యం అక్కరలేదు. సీటీ స్కాన్ పద్ధతీ ఉంది, అయిదేళ్లకోసారి. ఏది మేలన్న చర్చ వైద్యుల మధ్య సాగనివ్వండి. మీరు వాయిదా వేయకుండా చేయించుకోగలిగిందే మీకు మంచి పరీక్ష అని మా అభిప్రాయం.

అయితే ఒక మెలిక ఉంది. మలపరీక్షలో రక్తం ఉన్నట్లు తేలితే తప్పనిసరిగా కొలనోస్కోపీకి వెళ్లాలి. మరోసారి మలపరీక్షే చేయించి, ఈసారి రాలేదని ఊపిరి పీల్చుకోవడం తగదు. పరీక్షల సంఖ్య చూపి మురిసిపోయే ఆరోగ్య శాఖలు, ఆ తర్వాత ఎందరు కొలనోస్కోపీ దాకా చేరారో కూడా లెక్క చెప్పాలి. ఇక రక్తస్రావం, అకారణంగా బరువు తగ్గడం, మలవిసర్జన అలవాటు మారడం వంటివి ఉన్నవారు స్క్రీనింగ్ (లక్షణాలు లేకపోయినా ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష) వయసు కోసం ఎదురుచూడకూడదు. అవి నేరుగా వైద్యుడికి చూపించుకోవాల్సిన లక్షణాలు.

స్క్రీనింగ్ మొదలుపెట్టాల్సిన వయసు కూడా మారుతోంది. చిన్నవయసువారిలో ఈ క్యాన్సర్ పెరగడంతో అమెరికా నిపుణుల బృందం 2021లో దాన్ని 50 నుంచి 45కు తగ్గించింది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఇంకా ముందే, తరచుగా 40కే, మొదలుపెట్టాలంటారు. అసలు వచ్చిందన్న సంగతే ఆ ఇంట్లో దాచిపెడితే, పిల్లలకు తమ ముప్పు తెలిసేది ఎలా?